వడ్డించే చెయ్యి ఎవరిది?

పుట్టినరోజుకో, పెద్దల సంవత్సరీకానికో మానసిక వికలాంగుల హోమ్‌కి వెళ్ళి ఒక పూట భోజనం పెట్టించి రావడం మన ఊళ్ళలో ఇప్పుడు మామూలైపోయింది. వెళ్ళొచ్చినవాళ్ళని ఆ హోమ్ ఎలా ఉందని అడిగితే జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది: శుభ్రంగా ఉంది, కడుపునిండా పెడుతున్నారు, నడిపే ఆయన దేవుడిలాంటి మనిషి. ఈ మూడూ నిజమే కావచ్చు. తిండి, శుభ్రత లేకపోతే అది హోమే కాదు. కానీ అవి ఉన్నంతమాత్రాన అక్కడివాళ్ళ సంరక్షణ బాగున్నట్టు కాదు. అక్కడుండే మనిషి పొద్దున్న తొమ్మిదినుంచి పన్నెండుదాకా ఏం చేస్తున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, ఆ రోజులో అతని ఇష్టం చెల్లినవి ఎన్ని, అసలు చూడాల్సింది ఇవీ. అరవై ఏళ్ళుగా వేరువేరు దేశాల్లో జరిగిన పరిశోధనా, బయటపడ్డ ఘోరాలూ రెండూ ఈ వైపే వేలు చూపిస్తున్నాయి. అయినా అన్నదానానికి వెళ్ళిన మనం చూసేది పన్నెండు తర్వాతి గంటనే.

ఇలాంటి హోమ్‌లలో ఉండేవాళ్ళకి ఉన్న బుద్ధిమాంద్యం మందులతో నయమయ్యే మానసిక రోగం కాదు. ఎదిగే వయసులోనే మొదలై, నేర్చుకోవడంలోనూ మాటలోనూ డబ్బు లెక్కలోనూ సొంత పనుల్లోనూ జీవితాంతం కొంత సాయం అవసరమయ్యే స్థితి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తంమీద 2.68 కోట్లమంది వైకల్యం ఉన్నవాళ్ళని తేలితే, అందులో దాదాపు 15 లక్షలమంది ఈ కోవలోకి వచ్చారు. వీళ్ళలో అత్యధికులు ఇప్పటికీ ఇంట్లోనే, నిజం చెప్పాలంటే అమ్మ చేతుల్లోనే బతుకుతున్నారు. మన కోనసీమలో ఆ ఏర్పాటు రెండువైపులా అరుగుతోంది. ఒకవైపు అమ్మలకి వయసు మీద పడుతోంది. ఒకప్పుడు చిన్నతనంలోనే ఫిట్స్‌తోనో గుండె జబ్బుతోనో పోయే బిడ్డలు ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళు దాటి బతుకుతున్నారు. రెండోవైపు, చూసుకోగల వయసులో ఉన్న ఆడవాళ్ళు ఊళ్ళో లేరు. రాజోలు దీవినుంచి, లంక గ్రామాలనుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళి అక్కడి ఇళ్ళలో పసిపిల్లల్నీ మంచంపట్టిన ముసలివాళ్ళనీ చూసుకుంటున్న వాళ్ళెందరో మనకి తెలుసు. మనుషుల్ని చూసుకునే నేర్పుని ఈ నేల ఎగుమతి చేస్తోంది. ఇంట్లో చూసుకోవాల్సిన మనిషి మాత్రం అమ్మమ్మ పాలబడుతున్నాడు. "మా తర్వాత వీడి గతేంటి?" అని ప్రతి తల్లీ తండ్రీ అడిగే ప్రశ్నే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టానికి మూలం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం వచ్చిన ఆ చట్టం కిందే కలెక్టర్ ఉండే స్థానిక కమిటీలూ, చట్టబద్ధ సంరక్షకుల నియామకమూ, పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళ కోసం 'ఘరౌందా' అనే హోమ్ పథకమూ వచ్చాయి. అంటే హోమ్‌ల అవసరం తగ్గదు, పెరుగుతుంది. కాబట్టి మంచి హోమ్ అంటే ఏమిటో ఇప్పుడే తేల్చుకోవాలి.

మొదటి ఆధారం ఇంగ్లండ్‌నుంచి. 1950లలో లండన్‌లోని ఫౌంటెన్ ఆసుపత్రిలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు వందలకొద్దీ పెద్ద వార్డుల్లో ఉండేవారు. జాక్ టిజార్డ్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1958లో వాళ్ళలో పదహారుమందిని బ్రూక్‌లాండ్స్ అనే ఇంటికి మార్పించాడు. చిన్న చిన్న గుంపులుగా ఉంచారు. ఒక్కో గుంపుకీ రోజూ అదే మనిషి, ఆటవస్తువులు, మాటలు. అలాంటి పిల్లలే మరో పదహారుమంది ఆసుపత్రిలోనే ఉండిపోయారు. రెండేళ్ళకి చూస్తే బ్రూక్‌లాండ్స్‌లో ఉన్న పిల్లలు మాటలో స్పష్టంగా ముందున్నారు. కోపతాపాలు తగ్గాయి, కలిసి ఆడుకోవడం వచ్చింది. టిజార్డ్, ఆయన సహచరులు ఆ తర్వాత చాలా సంస్థలని పోల్చి, మనిషిని కుంగదీసే అలవాట్లని గుర్తించారు. అందరినీ ఒకేసారి లేపడం, ఒకేసారి స్నానానికి వరసలో నిలబెట్టడం, ఎవరికీ సొంత బట్టలూ సొంత పెట్టే లేకపోవడం, సిబ్బంది ఒకచోటా వీళ్ళొకచోటా తినడం. గమనించండి, వీటిలో ఏ ఒక్కదానికీ భవనం కొలతతో పనిలేదు. రెండొందలమంది ఉన్నచోట ఇవి తప్పక పుట్టుకొస్తాయి, పన్నెండుమంది ఉన్నచోట కూడా చక్కగా బతికేస్తాయి.

ఆ సంగతి తర్వాతి తరంలో తేలింది. పెద్ద ఆసుపత్రులని మూసేసి, నలుగురైదుగురు ఉండే ఇళ్ళు పెట్టాక అంతా బాగుపడుతుందనుకున్నారు. చాలావరకు బాగుపడింది కూడా. కానీ జిమ్ మాన్సెల్ వంటి పరిశోధకులు ఆ ఇళ్ళలో కూర్చుని నిమిషం నిమిషం రాసుకుంటూ పోతే ఇంటికీ ఇంటికీ మధ్య తేడాలు విపరీతంగా కనిపించాయి. కొన్ని ఇళ్ళలో వంట, ఇస్త్రీ, తుడుపు అంతా సిబ్బందే చేసేవారు. అక్కడ ఉండాల్సినవాళ్ళు టీవీ ముందు కూర్చుని ఉండేవారు. గంటలో వాళ్ళతో ఎవరైనా మాట్లాడేది కొద్ది నిమిషాలే. పరిశోధకులు దీనికి హోటల్ పద్ధతి అని పేరు పెట్టారు. సిబ్బంది సంఖ్య పెంచితే సరిపోతుందేమో అని చూస్తే, ఒక హద్దు దాటాక కొత్తగా వచ్చినవాళ్ళు పాతవాళ్ళతో కబుర్లు చెప్పుకోవడమే ఎక్కువైంది. తేడా తెచ్చింది మరొకటి: ఇంట్లో జరిగే ప్రతి పనిలోనూ అక్కడుండేవాళ్ళకి తమకి చేతనైనంత వంతు ఇవ్వడం, చేతకాని చోట చెయ్యి కలపడం. దీన్ని యాక్టివ్ సపోర్ట్ అన్నారు. సిబ్బందికి ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చి, పక్కన నిలబడి చూపించే పెద్దదిక్కు ఒకరు ఉన్న ఇళ్ళలో, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళు కూడా రోజులో ఎక్కువసేపు ఏదో ఒక పనిలో నిమగ్నమయ్యారు. మనకిది పరాయి విద్య కాదు. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పించడం 1984లో సికింద్రాబాద్‌లో పెట్టిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో, అంతకు ముందే 1968లో హైదరాబాద్‌లో మొదలైన ఠాకూర్ హరిప్రసాద్ సంస్థలో శిక్షణ పొందిన టీచర్లకి కొట్టిన పిండి. తరగతి గదిలో నేర్పినదాన్ని ఇంటి వసారాలోకి తీసుకురావడమే మిగిలింది.

కోనసీమ ఇల్లు దీనికి ఎంత అనుకూలమో ఆలోచిస్తే, హోటల్ పద్ధతి ఇక్కడ నడవడమే వింతగా అనిపిస్తుంది. పెరట్లో రాలిన మట్టలు లాగి ఒక పక్కన వెయ్యాలి. కమ్మల్లోంచి ఈనెలు తీసి చీపురు కట్టాలి. ఎండబెట్టిన కొబ్బరి చిప్పల్ని సాయంత్రం వాన వాలకం చూసి లోపల పెట్టాలి. బచ్చలి పాదుకి నీళ్ళు, వాకిట్లో కళ్ళాపి, కోడిపిల్లలకి నూకలు, బియ్యంలో రాళ్ళు ఏరడం, పూలు కోసి దేవుడి గదిలో పెట్టడం. వీటిలో ప్రతి ఒక్కటీ పది మెట్లుగా విడిపోతుంది, ఆ పదిలో ఏదో ఒకటి ప్రతి మనిషికీ చేతనవుతుంది. ఈనె గీరలేని మనిషి గీరిన ఈనెల్ని ఒకచోట పోగెయ్యగలడు. అదీ చేతకాని మనిషి, చక్రాల కుర్చీలో ఉన్నా, కట్టిన చీపురుని ఒళ్ళో పెట్టుకుని వంటింటిదాకా చేరవెయ్యగలడు. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళు ఏం చేస్తారండీ అనే ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. మొత్తం పని చెయ్యనక్కర్లేదు, పనిలో ఉంటే చాలు. భోజనాల దగ్గర ఒకరు కంచాలు పెడితే, ఒకరు మంచినీళ్ళు పోస్తే, ఒకరు తనకి ఎంత కూర కావాలో తానే వేసుకుంటే ఆ పూట గంటన్నర పట్టచ్చు. సిబ్బంది వడ్డిస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఆ మిగిలిన గంటా పదినిమిషాల్లో వాళ్ళు చేసేది గోడవైపు చూస్తూ కూర్చోవడమే అయితే, మనం మిగిల్చినది దేనికోసం?

పనులు చేయించడం వెట్టిచాకిరీ కాదా అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన మాటే. కొన్ని చోట్ల చురుకైన ఇద్దరు ముగ్గురిచేత మిగతా అందరి పనీ చేయించి, ఆయా జీతం మిగుల్చుకోవడం కొత్త విద్యేం కాదు. గీత ఎక్కడ గియ్యాలో మాత్రం కష్టం కాదు. తను ఉండే ఇంటి పనిలో, సిబ్బందితో కలిసి, వద్దన్నప్పుడు మానే వీలుతో చేసేది ఇంటి వంతు. అమ్మకానికి పోయే పీచు, చీపుర్లు, కొవ్వొత్తుల మీద పనిచేస్తే అది ఉద్యోగం, దానికి కూలి ఇవ్వాలి, ఎంతిచ్చారో రాసి ఉండాలి. పని చెయ్యలేని వాడికి కూర తగ్గడం, చెయ్యనన్నవాడికి కేకలు పడడం కనిపిస్తే అది రెండూ కాదు, దోపిడీ. మరో భయం ప్రమాదం గురించి: కత్తి, పొయ్యి, నూతి గట్టు. భయం న్యాయమైనదే. కానీ ఏ ప్రమాదమూ లేకుండా చెయ్యాలంటే మనిషిని మంచానికి పరిమితం చెయ్యాలి. అమెరికాలో రాబర్ట్ పెర్స్కే 1972లోనే రాశాడు, కొంత ప్రమాదాన్ని ఎదుర్కొనే హక్కు కూడా మనిషి గౌరవంలో భాగమేనని. మన ఇళ్ళలో పదేళ్ళ పిల్లకి బెండకాయలు కొయ్యడం నేర్పినప్పుడు పాటించే జాగ్రత్తే ఇక్కడా చాలు: చిన్న కత్తి, పక్కన పెద్దవాళ్ళు, తొందర లేకపోవడం.

చిన్నది కదా, డబ్బుంది కదా, మంచివాళ్ళు కదా అన్న మూడు ధీమాలనీ ఒకే దెబ్బతో పడగొట్టిన ఉదంతం వింటర్‌బోర్న్ వ్యూ. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన ఇరవై నాలుగు పడకల ప్రైవేటు ఆసుపత్రి అది. ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్లు తీసుకునేవారు. 2011 మేలో బీబీసీ రహస్య కెమెరాతో తీసిన కార్యక్రమంలో సిబ్బంది ఆ మనుషుల్ని కొట్టడం, నేలకేసి తొక్కిపట్టడం, బట్టలతోనే చన్నీళ్ళ షవర్ కింద పడేయడం దేశమంతా చూసింది. పదకొండుమందికి శిక్షలు పడ్డాయి, వాళ్ళలో ఆరుగురు జైలుకి వెళ్ళారు. అక్కడ పనిచేసిన ఒక సీనియర్ నర్సు ముందే యాజమాన్యానికీ, తనిఖీ సంస్థకీ చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఆ వీడియోలో దెబ్బలతోపాటు కనిపించే మరో సంగతి తక్కువమంది గమనించారు. రోజంతా ఎవరికీ చెయ్యడానికి ఏమీ లేదు. ఏమీ జరగని హాల్లో విసుగెత్తిన మనుషులు, విసుగెత్తిన సిబ్బంది. హింస మొలిచేది ఆ నేలలోనే. ఇక మంచి పేరు సంగతి. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళతో కలిసి ఒకే ఇంట్లో బతకాలని 1964లో ఫ్రాన్సులో జాన్ వానియే మొదలుపెట్టిన లార్ష్ ఉద్యమం గొప్పది, దాని ఇళ్ళు బెంగళూరులోనూ ఉన్నాయి. వానియేని బతికుండగానే మహాత్ముడన్నారు. ఆయన పోయాక, 2020లో, లార్షే వేయించిన విచారణలో ఆయన తనని ఆశ్రయించిన స్త్రీలపై లైంగిక దోపిడీకి పాల్పడ్డాడని తేలింది. బాధితులు వైకల్యం ఉన్నవాళ్ళు కాదు, కానీ పాఠం మనకి పనికొస్తుంది. తన స్థాపకుడి మీదే విచారణ వేయించి ప్రచురించడంలోనే ఆ సంస్థ ఆరోగ్యం కనపడింది. నడిపే ఆయన దేవుడిలాంటి మనిషి అన్న మాట తనిఖీకి ప్రత్యామ్నాయం కాదు. మన దేశపు సంగతీ వేరుగా లేదు. 2009లో సుప్రీంకోర్టు సుచితా శ్రీవాస్తవ కేసులో విన్నది చండీగఢ్ ప్రభుత్వ ఆశ్రయంలోనే అత్యాచారానికి గురై గర్భవతి అయిన, స్వల్ప బుద్ధిమాంద్యం ఉన్న యువతి గురించి. ఆమె బిడ్డని కంటానంది. అధికారులు వద్దన్నారు. కోర్టు ఆమె మాటే చెల్లుతుందంది.

అన్నదాతల మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రభుత్వ నిధులు ఆలస్యమైన నెలల్లో చాలా హోమ్‌ల పొయ్యి వెలిగేది వాళ్ళవల్లే. కానీ ఆ దానం హోమ్‌ని ఏ వైపు తిప్పుతుందో చూడాలి. వారంలో నాలుగు రోజులు ఎవరో ఒకరు బిర్యానీతో, కేకుతో వస్తే ఇంటివాళ్ళకి కూర తరగాల్సిన పనే ఉండదు. వచ్చినవాళ్ళు వడ్డిస్తారు, వీళ్ళు వరసలో కూర్చుని నమస్కారం పెట్టి, ఫొటోలో నిలబడతారు. ఆ ఫొటో ఎక్కడ పెడతారో, అందుకు వీళ్ళు ఒప్పుకున్నారో లేదో అడిగే నాథుడు లేడు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో థైరాయిడ్, అధిక బరువు మామూలు కాబట్టి రోజూ విందుభోజనం వాళ్ళ ఒంటికీ మంచిది కాదు. ఇచ్చేవాళ్ళకి ఒక సూచన: ఒక పూట భోజనానికయ్యే డబ్బుని ఒక సహాయకురాలి జీతంలో భాగంగానో, పళ్ళ డాక్టరు ఖర్చుకో ఇవ్వండి. దాని ఫొటో బాగా రాదు, నిజమే.

పళ్ళ డాక్టరు అనడం ఊరికే కాదు. 2013లో వెలువడిన ఒక ఇంగ్లండ్ విచారణ, బుద్ధిమాంద్యం ఉన్న 247 మంది మరణాలని ఒక్కొక్కటిగా పరిశీలించింది. మామూలు జనంతో పోలిస్తే మగవాళ్ళు 13 ఏళ్ళు, ఆడవాళ్ళు 20 ఏళ్ళు ముందే పోతున్నారని తేలింది. చాలామంది విషయంలో వైకల్యం కాదు కారణం. జబ్బుని ఆలస్యంగా గుర్తించడం, గుర్తించాక కూడా వైద్యం నెమ్మదిగా నడవడం. నొప్పి అని చెప్పలేని మనిషి తల గోడకేసి కొట్టుకుంటాడు, అన్నం తోసేస్తాడు, పక్కవాణ్ణి కొడతాడు. చూసేవాళ్ళు "వీడికి ఇవాళ పిచ్చి ఎక్కువైంది" అని నిద్రమాత్ర వేస్తారు. అసలు సంగతి పుచ్చిపోయిన పన్ను కావచ్చు, నాలుగు రోజుల మలబద్ధకం కావచ్చు. దీన్ని పట్టుకోగలిగేది ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలిసినవాళ్ళే. ఆర్నెల్లకోసారి ఆయాలు మారిపోయే హోమ్‌లో ఆ 'మామూలు' ఎవరికీ తెలియదు. సిబ్బంది జీతం, నిలకడ అనేవి అకౌంట్ల పుస్తకంలో ఒక పద్దులా కనపడతాయి గానీ, అవే ప్రాణాల మీదికి వచ్చే విషయం. కోనసీమలో దీనికి తోడు గోదావరి ఉంది. 1996 నవంబరు 6 తుపాను, 2022 జూలై వరద చూసిన ప్రాంతంలో, చీకట్లో పడవ ఎక్కమంటే బెదిరిపోయే మనుషుల్ని ముందే అలవాటు చెయ్యకుండా తరలించలేం. ఎవరి ఫిట్స్ మాత్రలు ఏమిటో ఒక కాగితం మీద రాసి నీళ్ళు తగలని సంచిలో పెట్టుకోవడం ఖర్చులేని పని.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్, నలుగురితో కలిసి సమాజంలో బతకడం హక్కు అంటుంది. ఫలానాచోటే ఉండాలని ఎవరినీ నిర్బంధించకూడదనీ అంటుంది. ఈ మాటని కోనసీమలో పరీక్షించడం తేలిక. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి హోమ్‌నుంచి ఎవరైనా వెళ్ళారా? శనివారం వాడపల్లి గుడికి వెళ్ళి వచ్చారా? రావులపాలెం బస్సు ఎక్కారా, మంగలి షాపులో కూర్చుని క్షవరం చేయించుకున్నారా, లేక మంగలే నెలకోసారి వచ్చి అందరికీ ఒకే మిషన్ కటింగ్ కొట్టి పోతున్నాడా? పదిమందిని ఒకే వ్యానులో కట్టగట్టి తిప్పడం ఊరేగింపు అవుతుంది. ఇద్దరు కలిసి వెళ్ళి కొబ్బరినూనె సీసా కొనుక్కుని రావడమే ఊళ్ళో బతకడం. జనం వింతగా చూస్తారు అనే అభ్యంతరం ఉంది. చూస్తారు. నాలుగోసారికి చూడ్డం మానేసి "ఇవాళ ఒక్కడివే వచ్చావేం?" అంటారు. గోడవెనకే ఉంచితే ఆ నాలుగోసారి ఎప్పటికీ రాదు.

ఇంత పట్టింపు మన బీద సంస్థలకి ఎలా సాధ్యం అన్నదే అన్నిటికంటే బరువైన అభ్యంతరం. కొంతవరకు ఒప్పుకోవాలి: సిబ్బంది లేకపోతే ఏ పద్ధతీ నడవదు. 2024 జూలైలో ఢిల్లీ ప్రభుత్వం మానసిక వికలాంగుల కోసం నడిపే ఆశా కిరణ్ హోమ్‌లో, పట్టనంతమందిని కుక్కిన చోట, ఒక్క నెలలో పదిమందికి పైగా చనిపోయారు. రద్దీ దానంతటదే చంపగలదు. కానీ పైన చెప్పిన వాటిలో చాలావాటికి కొత్త డబ్బు అక్కర్లేదు, పాత డబ్బుని, పాత గంటల్ని వేరేగా వాడాలి. 2016 చట్టం యాభయ్యో సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి సంస్థ నడపకూడదు. అయితే తనిఖీకి వచ్చే అధికారి గదులు, మరుగుదొడ్లు, రిజిస్టర్లు లెక్కపెట్టి పోతే వింటర్‌బోర్న్ కూడా పాసైపోతుంది. ఆయన చెప్పకుండా ఒక మామూలు పొద్దున్న వచ్చి, హాల్లో ఒక మూల గంటసేపు కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. ఎవరు ఎవరితో మాట్లాడారు, ఎన్ని చేతులు పనిలో ఉన్నాయి, ఎవరి అల్మారా తాళం ఎవరి దగ్గరుంది అని రాసుకోవాలి. తల్లిదండ్రులు కూడా ఆదివారం మధ్యాహ్నం కాకుండా మంగళవారం పొద్దున్న వెళ్ళాలి, గది చూపించమని కాకుండా కాసేపు కూర్చోనివ్వమని అడగాలి. ఆ గంట కూర్చోనివ్వని హోమ్ ఎంత కొత్త భవనంలో ఉన్నా అనుమానించాల్సిందే.

డబ్బు దగ్గర మొదలుపెట్టాలనుకుంటే పింఛను దగ్గర మొదలుపెట్టవచ్చు. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకి 6,000 రూపాయలు. ఒకటో తారీకున సచివాలయం ఉద్యోగి ఇంటికి తెచ్చి ఇస్తాడు. హోమ్‌లో ఉన్న మనిషి పేరుమీద వచ్చే ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది? అందులో ఎంత అతని ఖర్చుకి పోతోంది, ఎంత మిగిలింది, మిగిలింది ఏ ఖాతాలో ఉంది, ఇది తల్లిదండ్రులో సంరక్షకుడో అడిగితే చూపించేలా రాసి ఉండాలి. వంద రూపాయలైనా అతని జేబులో ఉండాలి. దానితో అతను వీధి చివర బడ్డీలో ఏం కొంటాడన్నది హోమ్ నిర్ణయించకూడదు, ఆ రోజు కొన్నది రెండు సోడాలైనా సరే.